ఏడు లక్షల ఇరవై వేల ఏడు వందల ఇరవై కొబ్బరికాయలు

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఏడాదికి రెండుసార్లయినా ఒక మెసేజ్ తిరుగుతుంది. "2520, ప్రపంచంలోనే వింత సంఖ్య! 1 నుంచి 10 దాకా దేనితో భాగించినా శేషం రాదు! వారానికి 7 రోజులు, నెలకి 30 రోజులు, ఏడాదికి 12 నెలలు, గుణిస్తే 2520! కనిపెట్టింది మన రామానుజన్!" కింద నాలుగు దండాలు, రెండు జెండాలు. ఈసారి పంపింది మా మావయ్య. అంబాజీపేట దగ్గర ఆయనకి కొబ్బరికాయల కొట్టు ఉంది. నేను ఊరుకోలేక, "లెక్క కరెక్టే మావయ్యా, కానీ ఇందులో వింత లేదు, రామానుజన్ కనిపెట్టిందీ కాదు" అని రాశాను. రెండు నిమిషాల్లో ఫోనొచ్చింది.

"వింత లేదంటావేంట్రా అల్లుడూ? సరే, మేష్టారివి కదా, నాకో లెక్క తేల్చు. రాశి పోశాం. వాటాదారులు ఎంతమంది వస్తారో తెలీదు. ఒక్కడే రావచ్చు, పదహారు మంది రావచ్చు. ఎంతమంది వచ్చినా ఒక్క కాయ మిగలకుండా సమంగా పంచాలి. రాశిలో ఎన్ని కాయలుండాలి?"

పదహారే ఎందుకని అడిగాను. రూపాయికి పదహారణాలు కదా అన్నాడు. అణాలు పోయి 1957 నుంచి నయాపైసలు వచ్చినా, ఆయన దగ్గర వాటా అంటే ఇప్పటికీ పావలా వాటా, అర్ధణా వాటాయే.

జవాబు 7,20,720. అంతకన్నా చిన్న రాశితో ఈ పని జరగదు. ఈ సంఖ్యని కాస్త విప్పి చూస్తే, వాట్సాప్‌లో తిరిగే వింతకన్నా ఎక్కువే కనిపిస్తుంది.

ముందు ఇది ఎలా వచ్చిందో చూద్దాం. అమాయకంగా ఆలోచిస్తే 1 నుంచి 16 దాకా అన్నిటినీ గుణించేస్తే సరిపోతుంది. అప్పుడు వచ్చేది 2,09,22,78,98,88,000. ఇరవై లక్షల కోట్ల పైమాటే. అన్ని కాయలు కోనసీమలో కాయవు. మనం పీనాసితనంగా వెళదాం. అవసరమైంది మాత్రమే కొనాలి, ఇంట్లో ఉన్నది మళ్ళీ కొనకూడదు.

2 కావాలి, తీసుకుందాం. 3 కావాలి, గుణిస్తే 6. 4 కోసం ఇంకో 4 అక్కర్లేదు, సంచిలో ఒక 2 ఉంది కాబట్టి మరో 2 చాలు, 12. తర్వాత 5, దాంతో 60. 6 ఉచితం, దానికి కావలసిన 2, 3 రెండూ ఉన్నాయి. 7 కొత్తది, 420. 8 కోసం మరో 2, 840. 9 కోసం మరో 3, 2520. 10 ఉచితం. ఇదిగో, మావయ్య పంపిన వింత సంఖ్య ఇక్కడ తగిలింది. బళ్ళో నేర్పే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) లెక్కలో మధ్యలో వచ్చే మెట్టు అది. వారం, నెల, ఏడాది గుణిస్తే అదే రావడానికి కారణం కూడా ఇంతే. 7, 30, 12 లోపల ఉన్న ముక్కలు కలిపితే సరిగ్గా మూడు 2లు, రెండు 3లు, ఒక 5, ఒక 7 అవుతాయి. పైగా నెలకి 30 రోజులనీ, ఏడాదికి 12 నెలలనీ అంటూనే 365ని మర్యాదగా పక్కన పెట్టేశారు.

ముందుకు వెళితే, 11 కొత్తది, 27,720. 12 ఉచితం. 13 కొత్తది, 3,60,360. 14, 15 ఉచితం. 16 దగ్గర మాత్రం మరో 2 కావాలి. 7,20,720. అంటే సంచిలో మొత్తం ఉన్నవి నాలుగు 2లు, రెండు 3లు, ఒక్కో 5, 7, 11, 13. ఇంకేమీ లేదు. ఈ 2, 3, 5, 7, 11, 13లనే ప్రధాన సంఖ్యలంటాం, ఇంకా చిన్న ముక్కలు చేయడానికి వీల్లేనివి. 1ని ఆ జాబితాలో ఎందుకు కలపరని పిల్లలు అడుగుతారు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అంటూ పోతారు. గుణకారంలో మాత్రం ఆ లాభం వల్ల దమ్మిడీ లాభం లేదు. 1తో ఎన్నిసార్లు గుణించినా సంచి బరువు మారదు, అందుకే లెక్కలోకి రాదు.

కొలతల మాట వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. మా తాతల కాలం కొలతలు గుర్తున్నవాళ్ళకి ఈ వరస తెలుసు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఊరూరికీ కాస్త తేడాలుండేవి కానీ మా వైపు ఇదే. పుట్టికి ఎన్ని గిద్దలో గుణించి చూడండి, 5120 వస్తాయి. దాన్ని ముక్కలు చేస్తే పది 2లు, ఒక 5. అంతే. ఎక్కడా 3 లేదు. సగం, సగంలో సగం చేసుకుంటూ పోవడానికి అద్భుతమైన ఏర్పాటు. ఇద్దరన్నదమ్ములు విడిపోతే గొడవ లేదు, నలుగురైనా లేదు. ముగ్గురైతే చచ్చామే! మనిషికి 1706 గిద్దలు పోగా రెండు గిద్దలు మిగిలి తీరతాయి. ఎంత చిన్న కొలతకి దిగినా ఆ మిగులు పోదు. ఎన్ని 2లూ 5లూ గుణించినా 3 పుట్టదు కాబట్టి.

7,20,720లో రెండు 3లు ముందే సర్ది పెట్టి ఉన్నాయి. అదే దీని గొప్ప.

ఇంకో విషయం మన కామాల వల్ల కనిపించకుండా పోతోంది. మనం లక్షలు, వేలు అంటూ 7,20,720 అని రాస్తాం. కామాలు తీసేసి మూడేసి అంకెలుగా విడగొట్టి చూడండి. 720, మళ్ళీ 720. ఒకే సంఖ్య రెండుసార్లు పక్కపక్కన నిలబడింది. మూడంకెల సంఖ్యని రెండుసార్లు పక్కపక్కన రాయడమంటే దాన్ని 1001తో గుణించడమే. 1001 అంటే 7 × 11 × 13. కాబట్టి మీకిష్టమైన మూడంకెలు తీసుకుని వెంటనే మళ్ళీ అవే రాయండి, 534534 అనుకుందాం. అది 7తో పోతుంది, 11తో పోతుంది, 13తో పోతుంది. మామూలుగా 7తో భాగించడం ఏడుపే. ఇక్కడ భాగించకుండానే తెలిసిపోతుంది. క్లాసులో పిల్లల చేత ఇది చేయిస్తే అరగంట పాటు ఒక్కడూ ఫోన్ అడగడు. మన సంఖ్యలో 1001 కాగా మిగిలిన 720లో 2లు, 3లు, 5 ఉన్నాయి. అంటే సంచి నిండింది.

11తో ఎవరికి పని అంటారేమో. పొలం కొన్నవాళ్ళందరికీ ఉంది. ఎకరం 4840 గజాలు, సెంటు 48.4 గజాలు. ఆ పాయింట్ నాలుగు మనల్ని ఎందుకు వేధిస్తోందంటే, ఎకరాన్ని 22 గజాల గొలుసుతో కొలిచి, 22 × 220గా స్థిరపరిచారు. లోపల రెండు 11లు దాక్కున్నాయి, 5 మాత్రం ఒక్కటే. వంద సెంట్లుగా తెగాలంటే రెండు 5లు కావాలి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 1 నుంచి 16 దాకా పోతాయి సరే, మొత్తం మీద ఈ సంఖ్యకి ఎన్ని కారణాంకాలు? అంటే శేషం లేకుండా ఎంతమందికి పంచవచ్చు? ఒక్కొక్కటీ భాగించి చూస్తూ కూర్చోనక్కర్లేదు. సంచిలోంచి కొన్ని ముక్కలు తీసి గుణిస్తే ఒక కారణాంకం. 2లు నాలుగున్నాయి, అసలు తీయకపోవచ్చు, ఒకటి తీయవచ్చు, నాలుగూ తీయవచ్చు, మొత్తం అయిదు రకాలు. 3లు తీయడానికి మూడు రకాలు. 5, 7, 11, 13 ఒక్కోదానికీ తీయడమా మానడమా అని రెండేసి రకాలు. 5 × 3 × 2 × 2 × 2 × 2 = 240. ఉదాహరణకి రెండు 2లు, ఒక 3, ఒక 11 తీస్తే 132. సంచిలో మిగిలినవి గుణిస్తే 5460. మనిషికి 5460 కాయల చొప్పున 132 మందికి పంచవచ్చు, లేదా 132 చొప్పున 5460 మందికి. ఇలా 240 కారణాంకాలూ 120 జంటలుగా ఉంటాయి. అన్నిటికన్నా దగ్గరగా ఉన్న జంట 840, 858. కాయల్ని దాదాపు చదరంగా పేర్చాలంటే 840 వరసలు, వరసకి 858 కాయలు.

240 ఎక్కువా తక్కువా? పోల్చి చూడాలి. 2ని 19 సార్లు గుణిస్తే 5,24,288. దానికి కారణాంకాలు 20 మాత్రమే. ఒకే కూర గిన్నె నిండా వడ్డిస్తే భోజనం అవుతుందా? అలాగని అన్ని రకాలూ ఒక్కో చెంచా వేసినా లాభం లేదు. 2, 3, 5, 7, 11, 13, 17 ఒక్కోటి గుణిస్తే 5,10,510. దానికి 128. మన సంఖ్య ఈ రెండిటికీ మధ్య ఎక్కడో సరైన పాకం పట్టింది. అంతకన్నా చిన్న సంఖ్యల్లో దేనికీ 240 కారణాంకాలు లేవు. దీనికి ముందు రికార్డు 6,65,280ది, 224.

ఇలా తనకన్నా చిన్నవాటన్నిటినీ కారణాంకాల లెక్కలో ఓడించే సంఖ్యల్ని హైలీ కాంపోజిట్ నంబర్లన్నది రామానుజనే. ఫార్వర్డ్ మెసేజ్ పొరపాటు పడింది ఇక్కడే. ఆయన 2520ని కనిపెట్టలేదు, అలాంటి సంఖ్యలన్నీ ఎలా ఉండి తీరాలో తేల్చాడు. 1915లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో ఆ పెద్ద వ్యాసం వచ్చింది. యుద్ధకాలం, సొసైటీకి డబ్బు ఇబ్బంది. అందుకని వ్యాసంలో ఒక భాగం అచ్చు కాకుండా ఉండిపోయింది, అది పూర్తిగా వెలుగు చూసింది 1997లో. ఈ పని మీదే 1916లో కేంబ్రిడ్జి ఆయనకి బి.ఎ. ఇచ్చింది. ఇంటర్‌కి సమానమైన ఎఫ్.ఎ. పరీక్ష గట్టెక్కలేకపోయిన మనిషికి! అప్పట్లో మన గోదావరి జిల్లా, ఆయన పెరిగిన కుంభకోణం ఒకే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి "మన రామానుజన్" అనడంలో మావయ్య తప్పేమీ లేదు.

ఆయన తేల్చినవాటిలో ఒకటి మనకి సులువుగానే అందుతుంది. ఇలాంటి సంఖ్యలో చిన్న ప్రధాన సంఖ్య ఎన్నిసార్లు వస్తుందో, పెద్దది అంతకు మించి రాకూడదు. మనదాంట్లో చూడండి, 2 నాలుగుసార్లు, 3 రెండుసార్లు, మిగతావి ఒక్కోసారి. మెట్లు దిగుతున్నట్టు. ఎందుకంటే, ఎవరైనా రెండు 2లు, నాలుగు 3లు పెట్టి 324 తయారు చేశారనుకోండి. దానికి 15 కారణాంకాలు. అదే తిప్పి నాలుగు 2లు, రెండు 3లు పెడితే 144. దానికీ 15. అదే సరుకు సగం కన్నా తక్కువ ధరకి వస్తుంటే 324 ఎవరు కొంటారు? రామానుజన్ ఇంకో తమాషా చెప్పాడు. వరసలో చివరి ప్రధాన సంఖ్య ఎప్పుడూ ఒక్కసారే వస్తుంది, 4, 36 అనే రెండు సంఖ్యలు మాత్రం దీనికి మినహాయింపు. మనదాంట్లో ఆ చివరిది 13.

ఇంత కలుపుగోలు సంఖ్యకి ఇరుగుపొరుగు ఎలా ఉన్నారో చూడాలనిపించింది. ఇటు 7,20,719, అటు 7,20,721. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చింది ఈ భాగమే.

పక్కపక్క సంఖ్యలకి 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండదు. రెండిటినీ భాగించేది ఏదైనా వాటి తేడాని కూడా భాగించాలి, ఆ తేడా 1. కాబట్టి 7,20,721ని 2, 3, 5, 7, 11, 13లలో దేనితో భాగించినా 1 మిగులుతుంది. 240 మందికి తలుపు తీసిన ఇంటి గోడ పక్కనే, ఆ ఇంటికొచ్చే ఒక్క చుట్టాన్నీ రానివ్వని ఇల్లు.

సుమారు 2,300 ఏళ్ళ కిందట యూక్లిడ్ వాడుకున్నది ఈ కిటుకే. మీకు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నీ గుణించి 1 కలపండి. ఆ వచ్చినదాన్ని మీ జాబితాలోవి ఏవీ భాగించలేవు, కాబట్టి జాబితాలో లేని ప్రధాన సంఖ్య ఇంకోటి ఉండి తీరాలి. అందుకే ప్రధాన సంఖ్యలకి అంతం లేదు. ఇంతవరకూ బాగుంది. కానీ చాలామంది, ట్యూషన్లు చెప్పేవాళ్ళతో సహా, "1 కలిపితే వచ్చేదే ప్రధాన సంఖ్య" అని చెప్పేస్తారు. నేనూ కొన్నేళ్ళు అలాగే చెప్పాను. పైన మనం ఎక్కిన మెట్లు ఆ భ్రమని పెంచుతాయి కూడా. 6కి 1 కలిపితే 7, 12కి కలిపితే 13, 60కి 61, 420కి 421. అన్నీ ప్రధాన సంఖ్యలే. 840కి కలిపితే మాత్రం 841, అంటే 29 × 29. తర్వాత 2521 మళ్ళీ ప్రధాన సంఖ్యే అయి మనల్ని ఇంకోసారి బుట్టలో వేస్తుంది. 27,721 దగ్గర 19 × 1459 అని తేలిపోతుంది.

మరి 7,20,721? ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోతే కాగితం మీద మొదలుపెట్టాను. 13 దాకా చూడక్కర్లేదు. 17తో భాగిస్తే 6 మిగిలింది. 19తో 13. 23తో 16. ఇలా 848 దాకా వెళ్ళాల్సి రావచ్చు, సంఖ్య వర్గమూలం వరకే కదా వెతకాలి. 31 దగ్గర శేషం 2 వచ్చింది. ముందు విసుగొచ్చి వదిలేశాను, తర్వాత వెలిగింది. ఇక్కడ 2 మిగిలిందంటే, రెండు తక్కువైన 7,20,719ని 31 నిశ్శేషంగా భాగిస్తుంది! ఇటు తలుపు కొడుతుంటే అటు పక్కింటి తలుపు తెరుచుకుంది. 67 దగ్గర మళ్ళీ శేషం 2. అలా అడగకుండానే 7,20,719 = 31 × 67 × 347 అని తేలిపోయింది. ఆ తర్వాతి ప్రయత్నం, 17 నుంచి లెక్కపెడితే పద్నాలుగోది, 71. శేషం సున్నా. 7,20,721 = 71 × 10,151, ఆ 10,151 ఇక తెగదు. కరెంటు ఇంకా రాలేదు.

అంటే వరసగా మూడు సంఖ్యలకి కారణాంకాలు 8, 240, 4. తేడా చూస్తే ఒక్కో కాయ మాత్రమే. పక్కవాళ్ళిద్దరూ ప్రధాన సంఖ్యలు కారు. యూక్లిడ్ మాట మాత్రం నిలబడింది, జాబితాలో లేని 71 దొరికింది కదా.

మావయ్యకి ఇదంతా చెప్పాక, "అయితే ఇది దేనికైనా పోతుందన్నమాట" అన్నాడు. పోదు. మన పంచాంగమే పెట్టి చూద్దాం. తిథులు 30, పోతుంది. వారాలు 7, పోతుంది. కరణాలు 11, పోతుంది. నక్షత్రాలు 27, యోగాలు 27, ఈ రెండు దగ్గరా ఆగిపోతుంది. 27కి మూడు 3లు కావాలి, మన దగ్గర రెండే ఉన్నాయి. అయిదు అంగాల్లో మూడే కుదిరాయి. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు, అంటే 5 × 5 × 7. మన సంచిలో 5 ఒక్కటే. గేటుకి 4118 కాయలు పెడితే 70 కాయలు మిగిలిపోతాయి. ఆ మాటకొస్తే కొబ్బరి బేరమంతా వేలల్లో జరుగుతుంది, ఈ రాశి వేలుగా కూడా తెగదు. చివర 720 మిగులుతాయి.

"మరి పదిహేడోవాడు వస్తే?"

ఆయ్, అదే అసలు ప్రశ్న. 17 మందికి తలా 42,395 ఇస్తే అయిదు కాయలు మిగులుతాయి. "పన్నెండు కాయలు తెచ్చి కలిపేస్తే సరిపోతుందిగా" అన్నాడు మావయ్య వెంటనే. ఆయన నోటి లెక్కకి తిరుగులేదు, 7,20,732 నిజంగానే 17తో పోతుంది. కానీ ఆ పన్నెండు కాయలు పడగానే రాశి స్వభావమే మారిపోతుంది. ఇక 16 లోపు దాన్ని భాగించేవి 1, 2, 3, 4, 6, 12 మాత్రమే, అంటే కలిపిన పన్నెండుని భాగించేవి. అయిదుగురు వచ్చినా కుదరదు, ఏడుగురు వచ్చినా కుదరదు, పదహారు మందికీ కుదరదు. ఒకణ్ణి తెచ్చుకోబోయి పదిమందిని పోగొట్టుకున్నట్టు. పాతవాళ్ళు చెడకుండా పదిహేడోవాడు రావాలంటే కలపడం పనికిరాదు, రాశి మొత్తాన్ని 17తో గుణించాలి. 1,22,52,240 కాయలు. అలా చేస్తే పద్ధెనిమిదోవాడు ఉచితంగా వస్తాడు. పంతొమ్మిదోవాడు కూడా కావాలంటే 23,27,92,560.

ఇరవై మూడు కోట్లు అనేసరికి మావయ్య ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. వెనక కాయలు రాశిలో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎందుకొచ్చిన గోలరా అల్లుడూ. పదిహేడు మంది వస్తే ఆ మిగిలిన అయిదు కాయలూ అయినవిల్లి తీసుకెళ్ళి వినాయకుడికి కొట్టేద్దాం" అన్నాడు.